ఎంతమంది పిల్లలు? ఎవరి మాట వినాలి?

జుమా నమాజు ముగించుకుని పంజా సెంటర్ వైపు నడుస్తుంటే నా పాత విద్యార్థి ఒకడు ఎదురయ్యాడు. ఆటోనగర్‌లో మెకానిక్. ఇద్దరు పిల్లల తండ్రి. సలాం చెప్పి, చేయి పట్టుకుని టీ కొట్టులో కూర్చోబెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి చూపిస్తూ మనసులోని మాట బయటపెట్టాడు.

"ఉస్తాద్, ఈ ఫోన్ తెరిస్తే ముస్లింలు ఎక్కువమందిని కంటున్నారు, దేశం నిండిపోతోంది అని రాస్తున్నారు. టీవీ పెడితే ఆంధ్రాలో పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండి అంటున్నారు. ఇంటికెళితే మా అమ్మీ మూడో బిడ్డ ఎప్పుడని అడుగుతోంది. మా ఇంట్లోవాళ్లేమో వచ్చే నెల ఆపరేషన్ చేయించుకుంటానంటోంది. ఇంతకీ నేను ఎవరి మాట వినాలి?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "లెక్కలు చూసి వచ్చే జుమాకు చెబుతాను బేటా" అన్నాను. ఆ వారమంతా చూసిన లెక్కలనే ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాను. ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదు కదా!

ఈ రేటు అంటే ఏమిటి?

ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమంది పిల్లలను కంటుందో చెప్పే అంకెను సంతానోత్పత్తి రేటు అంటారు. తల్లిదండ్రులు ఇద్దరు. వారి స్థానాన్ని నింపడానికి ఇద్దరు పిల్లలు చాలాలి. అయితే పుట్టిన పిల్లలందరూ పెద్దవారై తల్లిదండ్రులు కాలేరు. పైగా ఆడపిల్లల కన్నా మగపిల్లలు కొద్దిగా ఎక్కువగా పుడతారు. అందుకే నిపుణులు ఈ భర్తీ స్థాయిని 2.1గా లెక్కిస్తారు. రేటు అంతకన్నా ఎక్కువుంటే జనాభా పెరుగుతూ పోతుంది. అంతకన్నా తక్కువైతే వెంటనే కాకపోయినా ఒక తరం తరువాత తగ్గుముఖం పడుతుంది.

1950 ప్రాంతంలో ప్రపంచ సగటు దాదాపు 5. ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించిన అంచనాల ప్రకారం అది 2.3కు దిగివచ్చింది. అంటే మన నానీల కాలం నుంచి మన మనవళ్ల కాలానికి సగానికన్నా తగ్గిపోయిందన్నమాట.

అయితే ఈ తగ్గుదల అన్నిచోట్లా ఒకేలా లేదు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో రేటు ఇప్పటికీ 4కు పైనే. నైజర్, చాద్, సోమాలియా, కాంగో దేశాల్లో దాదాపు 6. ఐరోపాలో 1.4. ఇటలీలో 2024లో 1.18, జపాన్‌లో 1.15. అన్నిటికన్నా అడుగున దక్షిణ కొరియా ఉంది. అక్కడ 2023లో 0.72 నమోదైంది. 1960లో అదే దేశంలో ఒక్కో తల్లికి ఆరుగురు పిల్లలుండేవారు!

కారణం మతమేనా?

ఎక్కువ రేటున్న దేశాల జాబితాలో నైజర్, సోమాలియా పేర్లు చూసి "అవి ముస్లిం దేశాలు కదా" అనేవారున్నారు. అదే జాబితాలో ఉన్న కాంగో జనాభాలో అత్యధికులు క్రైస్తవులు. ఈ దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నవి వేరే మూడు విషయాలు. ఆడపిల్లలకు చదువు లేదు. చిన్న వయసులోనే పెళ్లిళ్లు. పుట్టిన పిల్లల్లో చాలామంది ఐదేళ్లు నిండకుండానే కన్నుమూస్తారు. బతుకుతారన్న నమ్మకం లేనిచోట తల్లులు ఎక్కువమందిని కంటారు.

ఇప్పుడు మరికొన్ని ముస్లిం దేశాలను చూడండి. ఇరాన్‌లో 1980 దశకం మొదట్లో రేటు ఆరుకు పైన ఉండేది. 2000 నాటికి రెండుకు వచ్చేసింది. చరిత్రలో ఇంత వేగంగా తగ్గిన దేశాలు చాలా అరుదు. ఆడపిల్లలు బడికి వెళ్లారు. పల్లెపల్లెకూ ఆరోగ్య కేంద్రం వచ్చింది. 1989లో మొదలైన కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని ఉలమాలు కూడా సమర్థించారు. పెళ్లికి ముందు వధూవరులిద్దరికీ ఈ విషయమై పాఠం చెప్పేవారు. బంగ్లాదేశ్‌లో 1975లో 6.3 ఉన్న రేటు 2022 సర్వే నాటికి 2.3కు చేరింది. అక్కడ మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. ఉప్పు, పంచదార నీళ్లతో పిల్లల ప్రాణాలు ఎలా నిలపవచ్చో తల్లులకు నేర్పారు. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ముస్లింలున్న ఇండోనేషియాలో 1970 ప్రాంతంలో ఐదుకు పైనున్న రేటు ఇప్పుడు రెండుకు కొద్దిగా పైన ఉంది. టర్కీలో 2024లో 1.48 మాత్రమే. అక్కడి ప్రభుత్వం ఇప్పుడు పిల్లలు చాలడం లేదని కలవరపడుతోంది.

అన్నిచోట్లా చదివేది అదే కలిమా, నిలబడేది అదే ఖిబ్లా వైపు. అయినా ఒక దేశంలో ఆరుగురు, మరో దేశంలో ఒకరున్నర. కాబట్టి ఈ తేడాకు కారణం మతంలో వెతికితే దొరకదు.

మన దేశం మాట

మన దేశంలో 1992-93లో మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. అప్పుడు ముస్లిం స్త్రీల రేటు 4.4, హిందూ స్త్రీల రేటు 3.3. 2019-21లో జరిగిన ఐదో సర్వేలో ముస్లింలది 2.36, హిందువులది 1.94. అప్పట్లో తేడా ఒకటికి పైన. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. ఈ ముప్పై ఏళ్లలో ఎక్కువగా తగ్గింది ముస్లిం కుటుంబాల్లోనే. ఫోన్లలో తిరిగే సందేశాలు ఈ అంకెను చెప్పవు.

ఇంకో సంగతి గమనార్హం. అదే ఐదో సర్వేలో బీహార్‌లోని హిందువుల రేటు 2.9కు దగ్గరగా ఉంటే, కేరళలోని ముస్లింలది 2.25. ముస్లింలు అధికంగా ఉన్న జమ్మూ కాశ్మీర్‌లో మొత్తం రేటు 1.4. ఏ మతంలో పుట్టాడన్నదానికన్నా ఏ రాష్ట్రంలో, ఎలాంటి ఇంట్లో పుట్టాడన్నదే ఎక్కువ బరువు తూగుతోంది. అన్ని మతాలనూ కలిపి చూస్తే బడి మొహం చూడని స్త్రీల రేటు 2.8. పన్నెండో తరగతి దాటిన స్త్రీలది 1.8. ఒక్కొక్క బిడ్డ తేడాకు మూలం పలకా బలపమే!

డెల్టాలో జరిగిన విచిత్రం

ఇక మన సొంత గడ్డకు వద్దాం. ఆంధ్రప్రదేశ్ రేటు 1992-93లో 2.6. 2005-06 నాటికే 1.8కి దిగి, భర్తీ స్థాయికి కిందకు జారింది. 2019-21లో 1.7. కృష్ణా జిల్లా జనాభా 2001 నుంచి 2011 వరకు పదేళ్లలో 7.87 శాతం మాత్రమే పెరిగింది. అదే కాలంలో దేశం 17.7 శాతం పెరిగింది. 2022లో జిల్లాను రెండుగా చేసి విజయవాడను ఎన్టీఆర్ జిల్లాలో చేర్చినా, బందరు నుంచి బెజవాడ దాకా ఊళ్ల కథ ఒకటే. ఏ వీధిలో చూసినా తాళం వేసిన పెద్ద ఇల్లు, అరుగు మీద ఒంటరిగా ఒక ముసలాయన. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు.

విచిత్రం ఏమిటంటే, కేరళలో చదువు ముందు వచ్చి పిల్లల సంఖ్య తరువాత తగ్గింది. మన రాష్ట్రంలో అలా జరగలేదు. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి 33 మందే. కేరళలో 86 మంది. అయినా మన దగ్గర రేటు చకచకా పడిపోయింది. ఎలా?

పసిపిల్లల మరణాలు తగ్గడం ఒక కారణం. మొదటి సర్వేలో ప్రతి వెయ్యి మందిలో 70 మంది శిశువులు ఏడాది నిండకముందే చనిపోయేవారు. ఐదో సర్వే నాటికి ఆ సంఖ్య 30. రెండో కారణం ఆపరేషన్. ఐదో సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆపరేషన్ చేయించుకున్న మగవారు నూటికి ఒక్కరు కూడా లేరు. మగవారి ఆపరేషన్ తేలిక, కోలుకోవడం త్వరగా అని డాక్టర్లు ఎంత చెప్పినా ఇదీ పరిస్థితి.

పెళ్లి వయసు మాత్రం పెరగవలసినంత పెరగలేదు. ఐదో సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మధ్య స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదిహేడేళ్లకు నికా, ఇరవై ఒకటికి ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. మా పేటలో ఇలాంటి కోడళ్లను ఎంతోమందిని చూశాను. బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం ఉండదు. ఒంట్లో రక్తం ఉండదు. ఆ తరువాత కొన్నేళ్లకే నడుం నొప్పి, కడుపు నొప్పి అంటూ వెళితే గర్భసంచి తీసేయించుకోమంటారు. 2015-16 సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తొలగించారు. దేశం సగటు 3 శాతం పైచిలుకు.

అంకె చిన్నదైంది. కాని ఆ అంకెను చిన్నది చేసిన భారమంతా ఆడవారి ఒంటి మీదే పడింది.

మరో నష్టం కూడా జరిగింది. ఇద్దరు చాలు అనుకున్న ఇంట్లో ఆ ఇద్దరిలో ఒకడు కొడుకై తీరాలన్న పట్టుదల మొదలైంది. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 2001లో ఉమ్మడి రాష్ట్రంలో 961 మంది ఆడపిల్లలుండేవారు. 2011లో 939 మంది. లేకుండాపోయిన ఆ ఆడపిల్లలు ఏమయ్యారో ప్రతి ఇల్లూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

చట్టం వచ్చింది, పోయింది

1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులు అనే నిబంధన పెట్టారు. హర్యానాలోని ఇలాంటి నిబంధనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2003లో జావేద్ కేసులో కోర్టు దానిని సమర్థించింది. మరోవైపు, మన రాష్ట్రంతో సహా ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన అమలును విశ్రాంత ఐఏఎస్ అధికారిణి నిర్మలా బుచ్ అధ్యయనం చేశారు. పదవి కోసం భార్యను వదిలేసినవారు, పుట్టిన బిడ్డను దత్తత ఇచ్చేసినవారు ఆ అధ్యయనంలో కనిపించారు. ఎంతమందిని కనాలో తన ఇంట్లో తాను నిర్ణయించుకోలేని స్త్రీయే, ఆ పిల్లల సంఖ్య కారణంగా సర్పంచ్ పదవికి దూరమైంది.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ నిబంధనను తొలగించింది. 1990లలో చిన్న కుటుంబం కోసం ప్రచారం చేసిన చంద్రబాబు నాయుడే ముఖ్యమంత్రిగా 2024 అక్టోబరులో ఎక్కువమంది పిల్లలను కనవలసిందిగా ప్రజలను కోరారు. రాష్ట్రం ముసలిదైపోతోందన్న ఆందోళనలో నిజం లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో అరవై ఏళ్లు దాటినవారు 2011 నాటికే 9.8 శాతం. అప్పటికి దేశం సగటు 8.6.

కాని ప్రభుత్వాలు కనవద్దంటే ఆగినంత సులువుగా, కనమంటే పిల్లలు పుట్టరు. చైనా 1980 ప్రాంతం నుంచి ఒక్కరే చాలని శాసించింది. 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతించింది. అయినా రేటు లేవలేదు. ఇరాన్ 2021లో పిల్లలను ప్రోత్సహించే చట్టం చేసింది. అక్కడా ఆశించినంత ఫలితం రాలేదు. కొరియా ప్రభుత్వం కుమ్మరించిన డబ్బుకు లెక్కలేదు. 2024లో 0.72 నుంచి 0.75కు వచ్చింది, అంతే. అక్కడి దంపతులు చెప్పే కారణాలు వింటే మన బెజవాడ గుర్తుకొస్తుంది. ఇంటి అద్దె, ట్యూషన్ ఫీజులు, రాత్రి దాకా ఉద్యోగం, ఇంటి పనంతా భార్య మీదే. మన దగ్గర ఒక్క పిల్లవాడిని రెండేళ్లు ఇంటర్ హాస్టల్లో చదివించడానికి తండ్రి ఆటో తాకట్టు పెడుతున్నాడు. అలాంటి తండ్రికి "ఇంకా కను" అని చెప్పడం సులువే. ఆ ఫీజు ఎవరు కడతారన్నదే ప్రశ్న.

ధర్మం ఏమంటోంది?

ఈ విషయంలో మన మధ్య రెండు వాదాలున్నాయి. ఉమ్మతు సంఖ్య పెరగడం దైవప్రవక్త (స)కు గర్వకారణమని తెలిపే హదీసును ఒకరు చెబుతారు. అది ఉన్నమాటే. కాని అబూదావూద్ గ్రంథంలోనే మరో హదీసు కూడా ఉంది. ఒక కాలం వస్తుందని, అప్పుడు ముస్లింలు సంఖ్యలో చాలామందే ఉన్నా వరద నీటి మీది నురగలా ఉంటారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఆ నురగ ఎలా ఉంటుందో మనమంతా చూశాం. ఎంత ఉన్నా దానికి బరువుండదు. నీరు ఎటు తోస్తే అటే. తర్బియత్ లేని సంఖ్య అలాంటిదే.

దివ్య ఖురాన్ బఖరా సూరాలో తల్లులు బిడ్డలకు పూర్తి రెండేళ్లు పాలివ్వడం గురించిన ప్రస్తావన ఉంది. పాలు మాన్పించే నిర్ణయం కూడా తల్లిదండ్రులిద్దరి సమ్మతితో, సంప్రదింపుతో జరగాలన్న మాట అక్కడే ఉంది. పాలు మాన్పించడానికే ఇద్దరి సంప్రదింపు కావాలంటే, మరో బిడ్డను కనడానికి అక్కర్లేదా? సహాబాలు దైవప్రవక్త (స) కాలంలో గర్భం రాకుండా జాగ్రత్త పడేవారని జాబిర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇమామ్ గజాలీ తన ఇహ్యాలో దీనిని చర్చించి, భార్య ప్రాణ రక్షణను న్యాయమైన కారణాల్లో ఒకటిగా లెక్కించారు. ఇందుకు భార్య అనుమతి అవసరమని ఫిఖా పండితుల్లో ఎక్కువమంది చెప్పారు.

శాశ్వతమైన ఆపరేషన్ విషయంలో మాత్రం వైద్యపరమైన అవసరం లేకుండా కూడదన్నది చాలామంది ఉలమాల అభిప్రాయం. బిడ్డకూ బిడ్డకూ ఎడం పాటించే తాత్కాలిక పద్ధతులకు వారిలో ఎక్కువమంది అభ్యంతరం చెప్పలేదు. మన రాష్ట్రంలో జరిగింది దీనికి తలకిందులుగా ఉంది. ఎడం పాటించే పద్ధతుల గురించి మన ఆడవారికి నేర్పినవారు తక్కువ. ఆపరేషన్ ఒక్కటే దారి అన్నట్టు అందరినీ నడిపించారు. ఇమాములు, డాక్టర్లు ఒకచోట కూర్చుని ఈ విషయం కుటుంబాలకు చెప్పవలసిన అవసరం ఇప్పటికీ ఉంది.

వచ్చే జుమాకు చెప్పిన జవాబు

అన్నమాట ప్రకారం మరుసటి శుక్రవారం అదే టీ కొట్టులో అతనితో కూర్చున్నాను. ఈ లెక్కలన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితే ఉస్తాద్, ఇద్దరా, ముగ్గురా?" అన్నాడు.

"బేటా, నువ్వు నాకు నలుగురి మాటలు చెప్పావు. ఫోన్లోవాళ్లు, టీవీలోవాళ్లు, మీ అమ్మీ, నీ భార్య. ఈ నలుగురిలో మోసేది, కనేది, రాత్రిళ్లు లేచేది ఎవరు? ఆమె ఆపరేషన్ ఎందుకు అంటోందో నువ్వు ఎప్పుడైనా అడిగావా?"

అతను తల వంచుకున్నాడు. కాసేపటికి నెమ్మదిగా చెప్పాడు. రెండో కాన్పులో ఆమెకు రక్తం ఎక్కించవలసి వచ్చిందట. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. మళ్లీ అలా అవుతుందేమోనని భయం. ఆ భయాన్ని అత్తకు చెప్పుకోలేక "ఆపరేషన్" అన్న ఒక్క మాట పట్టుకుంది.

"ముందు ఆమెను మంచి లేడీ డాక్టర్‌కు చూపించు. నువ్వు కూడా లోపలికి వెళ్లి కూర్చో. ఎడం కోసం ఏ పద్ధతులున్నాయో ఇద్దరూ కలిసి అడగండి. మీ అమ్మీకి నీ భార్య కాదు, నువ్వే చెప్పు. మూడో బిడ్డ కావాలో వద్దో ఆ తరువాత మీరిద్దరూ నిర్ణయించుకోండి. మీ పెద్దమ్మాయి ఏ క్లాసు?" అని అడిగాను.

"నాలుగు."

"ఇంటర్ దాకా మాత్రం ఆపవద్దు. పద్దెనిమిది కాదు, చదువు పూర్తయ్యేదాకా సంబంధాల మాట ఎత్తవద్దు" అన్నాను.

ఇద్దరు, ముగ్గురు ఆడపిల్లలను చక్కగా పెంచినవారికి స్వర్గం లభిస్తుందన్న శుభవార్త మనకుంది. ఎంతమందిని కన్నారని కాక ఎలా పెంచారని అడిగే మాట అది. 2001 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5 శాతం. చదువులో మనం వెనకబడిన వాళ్లమేనన్న మాట ఇక్కడ నిజం కాదని సచార్ కమిటీ నివేదిక 2006లోనే చూపింది. మొదలుపెట్టిన చదువును మధ్యలో ఆపకుండా చివరిదాకా తీసుకెళ్లడమే మిగిలింది.

ఆ అబ్బాయి టీ డబ్బులు ఇచ్చి లేచాడు. సోమవారం షెడ్డుకు సెలవు పెట్టి భార్యను ఆసుపత్రికి తీసుకెళతానన్నాడు. పాఠకుల ఇళ్లల్లోనూ ఇలాంటి సోమవారం ఒకటి వాయిదా పడుతూ ఉండవచ్చు. ఈ జుమా రోజున ఒక్కసారి ఇంట్లో అడిగి చూడండి.